పదకొండు అంకెల వ్యాగన్

నాయన పోయిన ఏడాదికి నాకు రైల్వేలో ఉద్యోగం వచ్చింది. ఆయన పట్టాల మరమ్మతు చేసే గ్యాంగ్‌మన్‌. ఇంట్లో పెద్దదాన్ని నేనే కాబట్టి కారుణ్య నియామకం కింద నన్ను తీసుకున్నారు. తొంభైల చివరి రోజులవి. గుంతకల్లులో కొన్ని వారాలు శిక్షణ ఇచ్చి, ఆ చుట్టుపక్కలే ఉన్న ఒక గూడ్సు యార్డుకు పంపారు. కాగితం మీద నా హోదా ట్రైన్స్ క్లర్క్. అందరూ పిలిచేది మాత్రం నంబర్ టేకర్ అని. వచ్చిన ప్రతి గూడ్సు బండి పక్కన ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచి, ఒక్కో వ్యాగన్ మీద ఉన్న నంబరును పుస్తకంలో రాసుకోవడం నా పని.

ఆడపిల్ల యార్డులో నడవడం అప్పట్లో వింత. లైన్‌లో ఉన్నవాళ్లు పని ఆపి మరీ చూసేవాళ్లు. ఆఫీసులో కూర్చుని రిజిస్టర్లు రాసుకోమని కొందరు మంచిగానే చెప్పారు. ఒక్క మనిషి మాత్రం నా చేతికి పుస్తకం, పెన్సిలు ఇచ్చి, తలకు కట్టుకోమని తన తువ్వాలు ఇచ్చి, "దా పాపా, పోదాం. నంబర్లు నిన్నేం కరవవు" అన్నాడు.

ఆయన మా నాయనకు స్నేహితుడు. అందుకే చిన్నాయనా అని పిలిచేదాన్ని. కుందుర్పి దగ్గర పల్లె ఆయనది. పదో తరగతి చదివి, వానలు లేక, సేద్యం విడిచి రైల్వేలో చేరాడు. ముప్పై ఏళ్లుగా వ్యాగన్ల నంబర్లు రాస్తున్నాడు. పొట్టిగా, నల్లగా, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. ప్రతి వ్యాగన్ ముందు ఒక్క క్షణం ఆగేవాడు. నంబరు రాయడం అప్పటికే అయిపోయేది. ఆ క్షణంలో ఆయన ఏం చేస్తాడో నాకు మొదటి వారంలో తెలియలేదు.

నేను ఇంటర్‌లో లెక్కలు లేని గ్రూపు చదివాను. లెక్కలంటే భయపడే ఆ గ్రూపు తీసుకున్నాను. ఆ సంగతి చెబితే చిన్నాయన నవ్వాడు.

"నువ్వు చూసింది లెక్కలు కాదు పాపా, పరీచ్చలు. ఇవి వేరే. మనుషుల మాదిరి. ఒక్కోదానికి ఒక్కో గుణం ఉంటాది. ఇదిగో దీని అంకెలన్నీ కూడు. మూడుతో భాగం పోతాదా? పోతాది. అంటే మొత్తం నంబరు కూడా మూడుతో పోతాది. దాన్ని కదిలించే పని కూడా లేదు, చూస్తేనే తెలిసిపోతాది."

అలా మొదలైంది. తొమ్మిదితో పోయేవి, పదకొండుతో పోయేవి, ఏడుతో పోయేవి చూసి పట్టే ఉపాయాలు ఒక్కొక్కటే చెప్పాడు. నంబర్లను ఆయన తెగలుగా చూసేవాడు. పన్నెండును భాగించే చిన్న అంకెలు ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆరు. కలిపితే పదహారు. అంటే పన్నెండు తనకన్నా ఎక్కువ పంచేది. పదిని భాగించేవి ఒకటి, రెండు, ఐదు. కలిపితే ఎనిమిదే. అది తక్కువ పంచేది. ఇరవై ఎనిమిది మాత్రం సరిగ్గా తనంతే పంచుతుంది: ఒకటి, రెండు, నాలుగు, ఏడు, పద్నాలుగు. అలాంటివి లోకంలో బహు తక్కువని, తాను ముప్పై ఏళ్లలో నాలుగంకెలది ఒక్కదాన్నే, అదీ ఒక వ్యాగన్ నంబరు చివరన చూశానని చెప్పాడు. ఆ 8128ని చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. పెద్ద మనిషి గురించి మాట్లాడుతున్నట్టు.

ఇవన్నీ ఎవరు నేర్పారని అడిగాను. ఎనిమిదో తరగతిలో ఒక అయ్యవారు మొదలుపెట్టాడట. ఆయన బదిలీ అయిపోయాడు. మిగతాది వ్యాగన్లే నేర్పాయట.

ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైనవి చీలని నంబర్లు. పుస్తకాల్లో వాటిని ప్రధాన సంఖ్యలంటారు. ఒకటితోనూ, తమతోనూ తప్ప దేనితోనూ భాగం పోనివి. ఆయన మాటలో "మొండివి".

ఒక మధ్యాహ్నం, బళ్లారి వైపు నుంచి వచ్చిన బండి పక్కన నడుస్తుంటే, ముందు పోతున్న చిన్నాయన టక్కున నిలబడిపోయాడు. వ్యాగన్‌కేదో అయిందనుకున్నాను. ఆయన చేతిలో సుద్దముక్క కిందపడిపోయింది. ఆ రోజుల్లో వ్యాగన్ల మీద ఐదంకెల నంబర్లుండేవి. ఈ వ్యాగన్ మీద తుప్పు మరకల మధ్య 65537 అని ఉంది.

"దీని ముందుదాన్ని ఎనిమిదేండ్ల కిందట చూసినా పాపా" అన్నాడు. "ఇది వస్తాదని అనుకోలే."

"ఏముంది చిన్నాయనా దీన్లో?"

"నేను చెప్తే నమ్మొద్దు. ముందు దానికన్నా ఒకటి తక్కువ రాసుకో. దాన్ని సగం చేసుకుంటా పో."

ఆఫీసు అరుగు మీద కూర్చుని 65536ను సగం చేశాను. 32768. మళ్లీ సగం. 16384. మళ్లీ. ఎక్కడా మిగలలేదు. ఎక్కడా అర రాలేదు. 1024, 512, 256... అలా పదహారు సార్లు చేసి ఒకటి దగ్గరికి వచ్చి ఆగాను. రెండు తప్ప దాన్లో మరేమీ లేదు. పొర తీస్తే పొర, అంతా రెండే.

"ఇప్పుడు దాని పక్కదాన్ని చీల్చు" అన్నాడు.

ఎక్కడిదాకా భాగించాలో కూడా చెప్పాడు. ఏ నంబరైనా రెండు ముక్కలైతే ఆ ముక్కల్లో ఒకటి చిన్నదై తీరాలి. రెండు వందల యాభై ఆరును దానితోనే గుణిస్తే 65536. అందుకని రెండు వందల యాభై ఆరు దాటి వెతకాల్సిన పని లేదు. అందులోనూ మొండి అంకెలతో భాగిస్తే చాలు. అవి యాభై నాలుగు. నేను పాత ఫారాల వెనక యాభై నాలుగు భాగహారాలు చేశాను. మూడుతో పోలేదు. ఏడుతో మూడు మిగిలింది. పదిహేడుతో రెండు మిగిలింది. నలభై భాగహారాలు దాటాక నాకు తెలియకుండానే వేగం పెంచాను. చివరిది 251. ఇరవై ఆరు మిగిలింది.

పెన్సిలు కింద పెట్టి చూస్తే సాయంత్రమైంది. ఇటు పక్కన సగం, సగం, సగం అంటూ ఒకటి దాకా కరిగిపోయే నంబరు. దానికి ఒక్కటంటే ఒక్కటి కలపగానే, ఏ కత్తీ దిగని బండ. వాటి మధ్య దూరం ఒకటే. నేను చేసిందల్లా భాగహారమే, మూడో తరగతిలో నేర్చుకున్నదే. అయినా నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అది నాకు బాగా గుర్తు.

చిన్నాయన నా కాగితాలన్నీ ఓపిగ్గా చూసి, "అరవై ఒకటితో భాగించేకాడ తప్పు రాసి కొట్టేసినావు. కొట్టేసింది చాలా మంచిపని" అన్నాడు. మెచ్చుకోలు అంతే.

రెండు వేలు దాటిన కొన్నేళ్లకు కొత్త నంబర్లు వచ్చాయి. ఐదంకెలు పోయి పదకొండంకెలు. వ్యాగన్లకు మళ్లీ రంగు వేసి పొడుగ్గా తెల్లంకెలు రాశారు. యార్డులో అందరూ తిట్టుకున్నారు. "ఏమప్పా ఇది, నంబరా, ఊరి పేర్ల పట్టీనా?" అని వ్యాగన్లను ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కు మార్చే షంటింగ్ వాళ్లు నవ్వేవాళ్లు. ఆఫీసులోకి కంప్యూటర్ వచ్చింది. దాన్ని నాకు అప్పగించారు. పొద్దున యార్డులో రాసుకున్న నంబర్లను మధ్యాహ్నం దాన్లోకి కొట్టాలి.

నంబరును ఎలా చదవాలో ఒక కాగితం పంపారు. మొదటి రెండంకెలు వ్యాగన్ రకం. తర్వాతి రెండు ఏ రైల్వేదో. ఆ తర్వాతి రెండు తయారైన సంవత్సరం. తర్వాత నాలుగంకెలు దాని సొంత వరుస సంఖ్య. ఇంతవరకు పది. పదకొండోది 'చెక్ డిజిట్' అని మాత్రం ఉంది. అదెలా వస్తుందో రాయలేదు.

అయితే కంప్యూటర్‌కు తెలుసు. నేను ఒక్క అంకె తప్పు కొడితే కూతపెట్టి నంబరును వెనక్కి తోసేది. ఆ వ్యాగన్‌ను అది ఎన్నడూ చూడలేదు. అయినా తప్పని ఎలా చెబుతోంది? మా సూపర్‌వైజర్‌ను అడిగితే, "మిషన్‌కు అన్నీ తెలుస్తాయమ్మా" అన్నాడు.

చిన్నాయనకు ఆ జవాబు మింగుడుపడలేదు. అప్పటికి ఆయనకు ఏడాది సర్వీసు కూడా మిగల్లేదు.

"మిషన్‌కు నంబరు తప్ప వేరే ఏమీ తెలీదు పాపా. అంటే గుట్టు నంబర్లోనే ఉండాది. మొదటి పది అంకెలూ కలిసి పదకొండోదాన్ని పుట్టిస్తాండాయి. ఎట్ల పుట్టిస్తాండాయో చూడాల."

రెండు నెలలు ఆయనకు వేరే ధ్యాస లేదు. వ్యాగన్లన్నీ కలగాపులగంగా వచ్చేవి. ఒకదానికీ ఇంకొకదానికీ అంకెలన్నీ మారిపోతే ఏది దేనివల్ల మారిందో ఎలా తెలుస్తుంది? ఒక్క అంకె మాత్రమే తేడా ఉన్న జతలు కావాలి. వాటికోసం ఎదురుచూశాడు. ఎండాకాలం వచ్చింది. గాలి దుమారాలు లేచేవి. యార్డు కుళాయిలో నీళ్లు రెండు రోజులకోసారి వచ్చేవి. ఆయన మాత్రం తడి తువ్వాలు తల మీద వేసుకుని ఒక్క బండినీ వదలకుండా తిరిగాడు.

ఒక రోజు ఫ్యాక్టరీ నుంచి కొత్త వ్యాగన్లు వచ్చాయి. ఇంకా రంగు వాసన వస్తోంది. ఒకదాని వెనక ఒకటి వరుస నంబర్లతో, ఎవరో ఆయన కోసమే పేర్చి పంపినట్టు పది వ్యాగన్లు. మొదటి పది అంకెలు 3108041360 నుంచి 3108041369 దాకా. పదో అంకె ఒక్కటే మారుతోంది. చిన్నాయన వాటి పక్కన పరుగు లాంటి నడకతో పోయి ఆఖరి అంకెలు మాత్రం రాసుకొచ్చి, గట్టు మీద సుద్దతో వరసగా వేశాడు.

2, 9, 6, 3, 0, 7, 4, 1, 8, 5.

"చూడు" అన్నాడు.

నాకేమీ కనిపించలేదు. చిందరవందరగా ఉన్నాయన్నాను.

"తొమ్మిది నుంచి చూడు. తొమ్మిది, ఆరు, మూడు, సున్నా. ఎంత తగ్గుతాండాది?"

"మూడు."

"సున్నాలో మూడు పోదు. పది అప్పు తెచ్చుకో. ఏడు. మళ్లీ మూడు తీయి. నాలుగు. ఒకటి. మళ్లీ అప్పు. ఎనిమిది. ఐదు." ఆయన వేలు ఒక్కో అంకె మీద పడుతోంది. "పదో అంకె ఒకటి పెరిగితే ఆఖరిది మూడు తగ్గుతాండాది. ఇంగొకటి చూసినావా? పది వ్యాగన్లు, పది అంకెలు. సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక్కటీ తప్పిపోలే. ఒక్కటీ రెండుసార్లు రాలే."

చూశాను. నిజమే. పది అంకెలూ ఒక్కోసారి వచ్చి, ఎవరి చోట వాళ్లు కూర్చున్నట్టు ఉన్నాయి.

ఆ తీగ దొరికాక మిగతాది రెండు వారాల్లో లాగాడు. తొమ్మిదో అంకె ఒకటి పెరిగితే ఆఖరిది ఒకటే తగ్గుతుంది. ఎనిమిదోది పెరిగితే మూడు. ఏడోది పెరిగితే ఒకటి. అలా మూడు, ఒకటి, మూడు, ఒకటి అంటూ మొదటి అంకె దాకా. అంటే సరి స్థానాల్లో ఉన్న అంకెలు కలిపి మూడుతో గుణించు. బేసి స్థానాల్లోవి దానికి కలుపు. వచ్చిన మొత్తం దాని పైనున్న పదుల సంఖ్యకు, అంటే ఇరవైకో ముప్పైకో, ఎంత తక్కువైతే అదే ఆఖరి అంకె.

తర్వాత యార్డులో ఆయన పెద్ద వినోదమైపోయాడు. ఎవరో ఒకరు దూరం నుంచి పదంకెలు అరిచేవాళ్లు. ఈయన ఆకాశం వైపు చూసి ఆఖరిది చెప్పేవాడు. పోయి చూస్తే వ్యాగన్ మీద అదే అంకె ఉండేది. "ఏమన్నా, మంత్రం నేర్చినావా?" అనేవాళ్లు. ఆయన సంతోషించేవాడు కాదు. ఏదో ఆలోచనలో ఉండేవాడు.

ఒక రోజు నాతో, "దీనికొక కంత ఉండాది పాపా" అన్నాడు.

పక్కపక్క అంకెలు తారుమారైతే మామూలుగా ఈ లెక్క పట్టేస్తుంది. కానీ ఆ రెండంకెల మధ్య తేడా సరిగ్గా ఐదైతే పట్టదు. రెండూ ఏడూ, ఒకటీ ఆరూ, సున్నా ఐదూ. వీటిని అటూ ఇటూ మార్చినా ఆఖరి అంకె మారదు. మూడింతలది ఒకింతవుతుంది, ఒకింతది మూడింతలవుతుంది. తేడా ఐదు రెళ్లు పది. పది వచ్చినా పోయినా ఆఖరి అంకెకు తెలియదు. సూపర్‌వైజర్‌కు పోయి చెప్పాడు. ఆయన కంప్యూటర్ వైపు చెయ్యి చూపించి, "పెద్దపెద్దోళ్లు చేసింది కదన్నా, కంత ఎందుకుంటాది?" అని పంపేశాడు.

ఆ జూన్‌లో ఒక మంచి వాన పడింది. మా వైపు అలాంటి వాన తర్వాత నాలుగైదు రోజులే అదును. తడి ఆరేలోపల విత్తనం పడాలి. అప్పుడే విత్తనపు చెనిక్కాయల, అదే వేరుశెనగ మూటలతో గూడ్సు బండి వచ్చింది. ఒక వ్యాగన్ చక్రం వేడెక్కిందని దాన్ని విడదీసి పక్క లైన్‌లో పెట్టారు. దాని నంబరు రాసుకున్నది నేనే, కంప్యూటర్‌లో కొట్టింది నేనే. కూత రాలేదు. మర్నాటికి దాన్ని బాగుచేసి, ఖాళీ ఉన్న ఇంకో లైన్‌కు లాగేశారు. ఆ మర్నాడు దాన్ని గుమ్మఘట్ట వైపు రైతుల కోసం దించాల్సి వచ్చింది. కంప్యూటర్ చెప్పిన నంబరు 31080472418. ఆ నంబరు వ్యాగన్ యార్డులో లేదు.

నూట పైచిలుకు మూసిన వ్యాగన్లు. అన్నీ ఒకే రంగు, ఒకే ఆకారం, తలుపులకు సీళ్లు. అంటించిన చీటీలు వానకు ఊడిపోయాయి. మనుషులు రెండుసార్లు యార్డంతా తిరిగి వచ్చారు. గేటు బయట రైతులు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒక పెద్దాయన, "యాడ పెట్టినారమ్మా మా ఇత్తనం? భూమి ఆరిపోతాండాది" అని నన్నే అడిగాడు. నా పుస్తకం తీసి చూశాను. అందులోనూ అదే నంబరుంది. తప్పు చేశానో లేదో కూడా నాకు తెలియదు.

చిన్నాయన వచ్చి నంబరు అడిగాడు. నేలమీద పుల్లతో రాసి, ఒక్కో అంకె జతను చూసుకుంటూ పోయాడు. మూడు, ఒకటి. ఒకటి, సున్నా. సున్నా, ఎనిమిది... వేలు ఒకచోట ఆగింది.

"ఈ మొత్తం నంబర్లో పక్కపక్కన ఐదు తేడా ఉండేది ఒక్క జతే. ఏడూ రెండూ. నువ్వు తప్పు రాసింటే ఈడనే రాసింటావు. వేరే యాడ రాసినా మిషన్ కూతపెట్టుండేది. పోయి 2741 చూడండ్రా."

ముగ్గురు పరుగెత్తారు. అరగంట కూడా కాలేదు. మూడో లైన్ చివర నుంచి కేక వినిపించింది. 31080427418. తలుపు తీస్తే మూటలు. ఆ పూటే లారీల్లోకి ఎక్కించారు. నేను ఆఫీసు వెనక్కి పోయి కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చాను. చిన్నాయన నన్ను ఒక్క మాట అనలేదు. "ఎండలో రెండూ ఏడూ తారుమారవుతాయి. నాకూ అయినాయి" అన్నాడు.

ఈ సంగతి పైదాకా పోయింది. కంప్యూటర్ విభాగం నుంచి ఒక యువ ఇంజనీరు వచ్చాడు. చిన్నాయన చెప్పిన లెక్క అంతా విని, సంచిలోంచి ఒక పుస్తకం తీసి పేజీ తిప్పి చూపించాడు. సరి స్థానాలు, మూడుతో గుణకారం, పైనున్న పది. అచ్చం అదే.

"ఈ పుస్తకం మీకు ఎక్కడ దొరికిందండీ?" అన్నాడు.

"నాకు పుస్తకమేం దొరకలేదు సార్. వ్యాగన్లు దొరికినాయి."

నేను చిన్నాయన ముఖం వైపు చూశాను. రెండు నెలల కష్టం ఎప్పుడో అచ్చయి ఉందని తెలిసి బాధపడతాడేమోనని. ఆయన ఆ పేజీని రెండు చేతుల్తో పట్టుకుని పిల్లాడిలా నవ్వుతున్నాడు. "అయితే నేను చూసింది నిజమే" అన్నాడు.

ఇంజనీరు ఆ కంతను ఒప్పుకున్నాడు. మూడు కాక వేరే అంకెతో గుణిస్తే కంత పోతుందేమో అన్నాడు. చిన్నాయన తల అడ్డంగా ఊపాడు.

"నేనూ అట్లనే అనుకున్నా సార్. అన్నీ చేసి చూసినా. సరి అంకెతో గుణిస్తే పది అంకెలూ రావు, వచ్చినవే మళ్లీ వస్తాయి. ఐదుతోనూ అంతే. మిగిలేది ఒకటి, మూడు, ఏడు, తొమ్మిది. నాలుగూ బేసివే. ఏ రెండు బేసి అంకెలు తీసుకున్నా వాటి తేడా సరి అంకె. సరి అంకెను ఐదుతో గుణిస్తే చివర సున్నానే. యాడికి పోయినా ఐదు తప్పించుకుంటాది. అది మీ తప్పు కాదు, మిషన్ తప్పూ కాదు. పదికి ఉన్న గుణం అది. పది రెండూ ఐదుగా చీలుతాది కదా, ఆ చీలికలోంచి జారిపోతాండాది."

ఇంజనీరు లేచి నిలబడి ఆయనకు నమస్కారం పెట్టాడు. పదకొండుతో చేసే పద్ధతి ఒకటుందనీ, అందులో ఆ కంత ఉండదనీ, కానీ ఒక్కోసారి చెక్ అంకె పదే వస్తుందనీ, దాన్ని ఒక్క అంకెలో రాయలేమనీ చెప్పాడు. చిన్నాయన, "చూసినావా పాపా, ఒకచోట మూస్తే ఇంగోచోట తెరుచుకుంటాది" అన్నాడు. ఆ మాటలో ఓటమి లేదు. కొండ ముందు నిలబడిన మనిషి గొంతు అది.

నేను ఆ రోజంతా అదే ఆలోచించాను. మనుషులు తప్పు చేస్తారని తెలుసు. యంత్రాలు చెడిపోతాయని తెలుసు. కానీ ఎంత తెలివైనవాళ్లు కూర్చుని ఎంత జాగ్రత్తగా చేసినా మూయలేని కంత ఒకటి, మనం పది వేళ్లతో లెక్కపెట్టడం మొదలుపెట్టిన రోజు నుంచే అక్కడ ఉందని నాకు అప్పుడే తెలిసింది.

మరికొన్ని నెలలకు చిన్నాయన రిటైరయ్యాడు. ఆఖరి రోజు ఆఖరి బండి నంబర్లు ఇద్దరం కలిసి రాశాం. చివరి వ్యాగన్ 31069833629. ఆయన దాని ముందు మామూలుకన్నా ఎక్కువసేపు నిలబడ్డాడు. మూడుతో పోదు, ఏడుతో పోదు, పదకొండుతో పోదు, పదమూడుతో పోదు అని తనలో తాను అనుకుని, నంబరును చిన్న కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు.

కొన్నాళ్లకు నేను వాళ్ల పల్లెకు పోయాను. ఆ ఏడు మళ్లీ వాన లేదు. చేలలో చెనిక్కాయ మొక్క బెత్తెడు ఎత్తులోనే ముడుచుకుపోయింది. ఆయన వసారాలో చాప మీద కూర్చుని భాగహారం చేస్తున్నాడు. అదే నంబరు. మొండి అంకెల పట్టిక కూడా తనే తయారు చేసుకుంటూ, రోజుకు మూడో నాలుగో భాగహారాలు. వాళ్ల ఆవిడ నాకు మజ్జిగ ఇస్తూ, "డ్యూటీలో ఏం చేసినాడో నాకిప్పుడు తెలిసిందమ్మా" అంది. కోపమేమీ లేదు. నవ్వుతూనే అంది.

"ఎంతదాకా పోవాల చిన్నాయనా?"

"చీలకపోతే లక్షా డెబ్బై ఆరు వేల దాకా. పదిహేను వేలకు పైగా భాగహారాలు. నా ఆయుష్షు చాలదు."

"మరెందుకు?"

ఆయన పెన్సిలు చెక్కుకున్నాడు. "అది చీలేదో, మొండిదో ఇప్పటికే అయిపోయి ఉండాది పాపా. నేను పుట్టకముందే. ఆ వ్యాగన్ చేయకముందే. నేను భాగించినా, భాగించకున్నా మారదు. అట్లాంటిది ఒకటి నా ఎదురుగా ఉంటే, నేను ఊరకే కూర్చోగలనా?"

ఆ తర్వాత నాకు పెళ్లి, బదిలీ, పనులు. కొన్ని నెలలు ఆయన సంగతే తెలియలేదు. ఒక పొద్దున ఆఫీసు ఫోను మోగింది. ఊళ్లో ఎస్టీడీ బూత్ నుంచి.

"పాపా! చీలింది!"

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత కుర్చీలోంచి లేచిపోయాను.

"ఎంతతో చిన్నాయనా?"

"నాలుగు వేల ఆరు వందల ముప్పై ఏడు. ఆరు వందల ఇరవై ఐదో మొండి అంకె అది. శేషం సున్నా వచ్చింది. నమ్మక మూడుసార్లు చేసినా. రాసుకో, రెండో ముక్క 6700417."

చేతికందిన ఫారం వెనక గుణించాను. ఆయన అవతల ఫోను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. బూత్ బయట మేకల అరుపు వినిపిస్తోంది. 4637ను 6700417తో గుణిస్తే చివర తొమ్మిది, దాని ముందు రెండు, ఆరు, మూడు, మూడు... ఒక్కో అంకె వచ్చి తన చోట పడుతోంది. 31069833629.

"వచ్చింది చిన్నాయనా" అన్నాను. "మరి ఆ రెండో ముక్క? అది చీలేదా, మొండిదా? దాన్ని కూడా మొదటి నుంచి భాగించాలా?"

ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఫోనులో గరగరలాడింది.

"ఇంగ దాన్ని భాగించే పని లేదు పాపా. ఆలోచించు. దాన్ని చీల్చేది ఏదైనా ఉంటే అది పెద్ద నంబరును కూడా చీల్చాల కదా? రెండు వేల ఆరు వందల లోపల వెతికితే చాలు దానికి. ఆడికి నేను ఎప్పుడో పోయి వచ్చినా. ఒక్కటీ చీల్చలేదు. అది మొండిదే."

నేను ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇన్ని నెలలు, ఆరు వందల ఇరవై నాలుగు సార్లు, పోలేదు, పోలేదు అని పక్కన పెట్టిన భాగహారాలన్నీ ఒక్కసారిగా లేచి నిలబడి సాక్ష్యం చెబుతున్నాయి. ఒక్కటీ వృథా కాలేదు. ఆయనకు తెలియకుండానే, చీలని ఆ ఏడంకెల నంబరు చుట్టూ ఆయన ఎప్పుడో గోడ కట్టేసి ఉన్నాడు.

"ఉన్నావా పాపా?"

"ఉన్నా చిన్నాయనా."

"ఈడ చినుకులు పడతాండాయి. పోయి కాగితాలు లోపల పెట్టాల" అని ఫోను పెట్టేశాడు.